పొలం పక్కన ఇల్లు: ఎలుకకు ఒక దారి, చెదలకు ఇంకో దారి

మన నల్గొండ, పాలమూరు (మహబూబ్‌నగర్) వైపు ఎవరింట్లోనైనా ఎలుకలో చెదలో ఎక్కువైతే మొదట వచ్చే ప్రశ్న "పెస్ట్ కంట్రోల్‌కు ఎవరు మంచోళ్లు?" అని. దానికంటే ముందు అడగాల్సింది ఇంకొకటి ఉంది: మీ ఇంట్లో ఉన్నది ఏది, అది ఎక్కడి నుంచి వస్తోంది? హైదరాబాద్‌లో అయిదో అంతస్తు ఫ్లాట్‌కు సరిపోయే సలహా, మిర్యాలగూడ శివార్లలోనో వనపర్తి కొత్త కాలనీల్లోనో ప్రహరీ దాటితే పొలమే ఉన్న ఇంటికి సరిపోదు. ఫ్లాట్‌లో పురుగు ఆ బిల్డింగులోనే పుట్టి అక్కడే తిరుగుతుంది. మన దగ్గర పంటను బట్టి వస్తుంది, పంటను బట్టి పోతుంది, మళ్లీ వస్తుంది. సాగర్ ఎడమ కాలువ కింద వానాకాలం వరి కోతలు మొదలైతే చాలు, హాలియా, నిడమనూరు, మిర్యాలగూడ వైపు ఇళ్లలో ఎలుకల సందడి మొదలైనట్టే. పాలమూరు వైపు పత్తి తీసి ఇంట్లో గదినిండా కుప్ప పోసుకున్నప్పుడు, యాసంగి పల్లీ పీకి బస్తాలు లోపల పెట్టినప్పుడు కూడా అదే కథ.

మన ముందు ఉన్న దారులు నాలుగు. మనమే కంతలు పూడ్చుకుని, జాలీలు బిగించుకుని, బోన్లు పెట్టుకోవడం ఒకటి. కిరాణా షాపులోనో సూపర్ మార్కెట్‌లోనో దొరికే ఇంటి మందులు కొనుక్కోవడం రెండోది. పురుగుమందుల షాపులో పొలం మందు తెచ్చి, పంపు కొట్టే మనిషిని పెట్టి ఇంట్లో కొట్టించడం మూడోది. లైసెన్సున్న పెస్ట్ కంట్రోల్ వాళ్లను పిలవడం నాలుగోది, అందులో మళ్లీ ఒక్కసారికి పిలవడం వేరు, ఏడాది కాంట్రాక్టు వేరు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఎలుకలకు, దోమలకు మొదటి దారిని మించింది లేదు. చిన్న బొద్దింకలకు రెండోది చాలు. చెదలకు మాత్రం నాలుగోదే, అక్కడ డబ్బు దాచుకోవద్దు. మూడో దారి దేనికీ వద్దు. మన ఊళ్లలో అందరూ ముందు పోయేది ఆ దారినే కాబట్టి దాని గురించే మొదట చెబుతాను.

పొలం మందు గడప దాటి లోపలికి రావద్దు

పత్తికో వరికో కొట్టగా మిగిలిన డబ్బా ఏదో ఒకటి ఇంట్లోనో పశువుల కొట్టంలోనో ఉంటుంది. "ఎట్లాగూ ఉంది కదా, కాస్త నీళ్లలో కలిపి మూలలకు కొడదాం" అనుకోవడం చాలా ఇళ్లలో మామూలే. ఇది అస్సలు చేయవద్దు. పొలంలో కొట్టిన మందుకు ఎండ తగులుతుంది, గాలి వీస్తుంది, వాన పడుతుంది, మెల్లగా విరిగిపోతుంది. మూసిన గదిలో సిమెంటు గోడ మీద, షాబాద్ బండల సందుల్లో పడింది ఎంతకాలం ఉంటుందో ఎవరూ లెక్క చెప్పలేరు. ఆ బండల మీదే పిల్లలు పాకుతారు, మనం చాప వేసుకుని పడుకుంటాం. ఎకరానికి ఎంత అన్న లెక్క డబ్బా మీద ఉంటుంది కానీ గదికి ఎంత అన్న లెక్క ఉండదు, ఎందుకంటే అది గదికోసం చేసిన మందు కాదు.

డబ్బా మీద వజ్రం ఆకారంలో ఒక గుర్తు ఉంటుంది, దాని కింది సగానికి ఒక రంగు వేసి ఉంటుంది. ఎరుపు అంటే అన్నిటికంటే ఎక్కువ విషం, తర్వాత పసుపు, ఆ తర్వాత నీలం, చివర ఆకుపచ్చ. రైతులకు ఇది తెలిసిన విషయమే. ఇంట్లో వాడేందుకు ఏం కొన్నా ఆ రంగు చూడండి, లేబుల్ మీద ఇళ్లలో వాడకానికి అని రాసి ఉందో లేదో చూడండి. ఎరుపు, పసుపు ఉన్నవి ఇంట్లో వాడే ప్రసక్తే వద్దు. ఇంకో మాట, బొద్దింకలకూ ఈగలకూ ఒకప్పుడు ఇంటింటా కొట్టిన డైక్లోర్వాస్, చాలామందికి నువాన్ పేరుతో తెలిసిన మందు, మన దేశంలో 2020 డిసెంబరు 31 నుంచి పూర్తిగా నిషేధం. పాత సీసా ఎక్కడైనా మిగిలి ఉంటే ఇప్పుడు దాన్ని వాడవద్దు, ఎవరైనా అదే మందు తెస్తానంటే ఆ మనిషిని లోపలికి రానివ్వొద్దు.

అన్నిటికంటే భయపడాల్సింది అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలకు. గోదాముల్లో ధాన్యానికి పురుగు పట్టకుండా పెట్టే బిళ్లలు ఇవే. గాలిలో తేమ తగిలితే చాలు ఫాస్ఫీన్ అనే విషవాయువు వస్తుంది. ఒక గదిలో బియ్యం బస్తాలో పెడితే పక్క గదిలో పడుకున్నవాళ్లకు తలుపు కింద నుంచి, గోడ పగుళ్లలోంచి చేరుతుంది. ఇట్లా కుటుంబాలకు కుటుంబాలే ప్రాణాలు పోగొట్టుకున్న సంఘటనలు మన దేశంలో మళ్లీ మళ్లీ జరిగాయి. చట్టం ప్రకారం ఈ బిళ్లలు మామూలు జనానికి అమ్మకూడదు, అనుమతి పొందిన పెస్ట్ కంట్రోల్ వాళ్లు, ప్రభుత్వ సంస్థలు మాత్రమే వాడాలి. అయినా మన దగ్గర తెలిసినవాళ్ల ద్వారా సంపాదించి బియ్యంలోనో ఎలుక బొరియలోనో పెట్టేవాళ్లు ఉన్నారు. మీ ఇంట్లోనూ వద్దు, మీ గోడకు ఆనుకుని ఉన్న పక్కింట్లో పెడుతుంటే కూడా ఊరుకోవద్దు, గొడవ అయినా సరే ఆపండి.

ఇక మిగిలిన మందును కూల్‌డ్రింక్ సీసాలో పోసి అల్మారాలో పెట్టడం గురించి వేరే చెప్పాలా? వద్దు. డబ్బా దాని లేబుల్‌తో అలాగే ఉండాలి, తాళం ఉన్న చోట ఉండాలి, వంటింటికి దూరంగా ఉండాలి.

ఎలుకలు: మందుకంటే ముందు సిమెంటు

ఎలుక అని అందరం ఒకే మాట అంటాం కానీ మన ఇళ్ల చుట్టూ తిరిగేవి మూడు రకాలు. ప్రహరీ పక్కన, బండల కింద బొరియ తవ్వి మట్టి కుప్ప పోసేది పందికొక్కు. పైన వైర్ల మీద, రేకుల కింద, అటక మీద ఉరికేది ఇంటి ఎలుక. బీరువా వెనక, బియ్యం డబ్బాల మధ్య తిరిగేది చిట్టెలుక. చిట్టెలుకకు పెన్ను పట్టేంత సందు, దాదాపు 6 మిల్లీమీటర్లు, ఉంటే చాలు దూరిపోతుంది. పెద్ద ఎలుకకు అంతకు రెట్టింపు సరిపోతుంది. కాబట్టి తలుపు కింద వేలు పట్టేంత ఖాళీ పెట్టుకుని లోపల ఎన్ని ఎలుక మందు కేకులు పెట్టినా లాభం ఉండదు. పొలంలో కోత అయ్యేకొద్దీ కొత్తవి వస్తూనే ఉంటాయి, ఈరోజు నాలుగు చచ్చినా రేపు ఆ చోటికి ఇంకో నాలుగు చేరతాయి.

అందుకే నా లెక్కలో మొదటి ఖర్చు మేస్త్రీకి. తలుపుల అడుగున అల్యూమినియం పట్టీ, లేదంటే రేకు బిగించాలి. మోరీలోకి పోయే పైపు నోటికి ఇనుప జాలీ కావాలి. బోరు పైపు, కరెంటు వైరు, ఏసీ పైపు గోడలోకి వచ్చే కంతల్లో గిన్నెలు తోమే స్టీలు పీచు కుక్కి పైన సిమెంటు పూయించండి, ఒట్టి సిమెంటు తడిగా ఉండగానే గీకేస్తాయి, పీచును కొరకలేవు. పందికొక్కు బొరియల్లో గాజు పెంకులు కలిపిన కాంక్రీటు పోయడం మన మేస్త్రీలకు తెలిసిన పనే. గోడకు ఆనించి పేర్చిన పత్తికట్టె, పాత గోనె సంచులు, ఇటుకల కుప్ప ఉంటే గోడకు మూడు నాలుగు అడుగుల దూరం జరపండి. రేకుల ఇల్లయితే గోడకూ రేకుకూ మధ్య ఒంపుల్లో ఉండే ఖాళీలను మరిచిపోవద్దు, ఇంటి ఎలుక ఎక్కువగా దిగేది అక్కడి నుంచే. ఈ పని వరి ప్రాంతంలో దసరా నాటికి అయిపోవాలి, యాసంగి కోతల కోసం మార్చి దాటకుండా ఇంకోసారి చుట్టూ తిరిగి చూసుకోవాలి. పల్లీ ఎక్కువగా వేసే అచ్చంపేట, వనపర్తి వైపయితే సంక్రాంతికి ముందే.

లోపల ఉన్నవాటికి బోను మంచిదా, కేకు మంచిదా? పిల్లలు, కుక్క, పిల్లి, కోళ్లు ఉన్న ఇంటికి నేను బోనే చెబుతాను. దెబ్బ పడే స్ప్రింగ్ బోను చిట్టెలుకకు, ఇంటి ఎలుకకు బాగా పనిచేస్తుంది, పందికొక్కుకు మాత్రం పెద్ద ఇనుప పంజరం బోను కావాలి. ఎర పెట్టే వైపు గోడకు తాకేట్టు, గోడ వెంబడి పెట్టండి, ఎలుకలు గది మధ్యలోంచి నడవవు, గోడ పట్టుకునే పోతాయి. ఎండు కుడుక ముక్క, కాల్చిన పల్లీ, మిర్చి బజ్జీ ముక్క ఏదైనా పనికొస్తుంది. కొత్తగా కనిపించిన వస్తువును పెద్ద ఎలుక నమ్మదు, మొదటి రెండు మూడు రాత్రులు బోను బిగించకుండా ఒట్టిగా ఎర పెట్టి తిననివ్వండి, అలవాటయ్యాక బిగించండి. ఈ చిన్న ఓపిక లేకే "బోను పనిచేయలేదు" అని చాలామంది పారేస్తారు.

కేకుల్లో రెండు రకాల సంగతి తెలుసుకోండి. బ్రోమాడియోలోన్ 0.005 శాతం ఉండే కేకులు రక్తం గడ్డకట్టకుండా చేస్తాయి, ఎలుక తిన్న కొన్ని రోజులకు చస్తుంది, కాబట్టి మిగతావాటికి అనుమానం రాదు. పొరపాటున మనిషి తిన్నా విటమిన్ కె రూపంలో విరుగుడు ఉంది, అయినా ఆస్పత్రికి పోవాల్సిందే. రెండో రకం జింక్ ఫాస్ఫైడ్, బూడిద నలుపు పొడి. ఒక్క రాత్రిలో చంపుతుంది, కడుపులోకి పోయాక ఫాస్ఫీన్ వాయువు పుట్టిస్తుంది, దానికి విరుగుడు లేదు. ట్యూబులో వచ్చే పసుపు భాస్వరం పేస్టు ఇంకా ఘోరం, తిన్నవాళ్లకు మొదట్లో బాగానే ఉన్నట్టు అనిపించి తర్వాత కాలేయం దెబ్బతింటుంది, దానికీ విరుగుడు లేదు. ఈ రెండూ ఇంట్లోకి రానే వద్దు. పక్కింటివాళ్లు "అది తొందరగా పనిచేస్తుంది" అంటారు, నిజమే, కానీ ఇల్లు పొలం గట్టు కాదు. బ్రోమాడియోలోన్ పెట్టినా నేల మీద ఊరికే పెట్టకుండా ఎలుక మాత్రమే దూరే పెట్టెలో పెట్టండి, ప్రహరీ వెంబడి బయట పెట్టండి. లోపల పెడితే అటక మీదో బీరువా వెనకో చచ్చి వారం రోజులు వాసన భరించాలి. జిగురు అట్టలు నాకు నచ్చవు, ఎలుక ప్రాణాలతోనే అతుక్కుని విలవిల్లాడుతుంది, బల్లులూ పిట్టలూ పాములూ కూడా చిక్కుకుంటాయి.

ఎలుకల్ని తరిమే శబ్దాల మిషన్లు, ప్లగ్గులో పెట్టేవి, ఆన్‌లైన్‌లో తెగ అమ్ముతున్నారు. అమెరికా ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2001లోనే అట్లాంటివి తయారుచేసే, అమ్మే 60కి పైగా కంపెనీలకు, మీ మాటలకు శాస్త్రీయ రుజువు చూపించాలని హెచ్చరికలు పంపింది. ఆ డబ్బుతో రెండు తలుపులకు పట్టీలు వస్తాయి.

ఎలుకల పని చూసుకోవడానికి ఇంకో పెద్ద కారణం పాములు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర మన వైపు మూడూ ఉన్నాయి, అవి ఇంటికి వచ్చేది మనకోసం కాదు, ఎలుకకోసం, కప్పకోసం. కార్బాలిక్ యాసిడ్ సీసాలు మూలల్లో పెట్టడం వల్ల పాము రాదన్నది నమ్మకం మాత్రమే, పైగా చర్మాన్ని కాల్చే మందు అది. ఎలుక కంత మూస్తే పాము దారి కూడా మూసుకున్నట్టే. లోపలికి వస్తే చంపడానికి కర్ర పట్టుకోవద్దు, దూరంగా నిలబడి కనిపెట్టి ఉంటూ అటవీ శాఖకో పాములు పట్టేవాళ్లకో ఫోన్ చేయండి. కాటు పడితే కట్లు కట్టడం, కోయడం, మంత్రాలు ఏవీ వద్దు, 108కి ఫోన్ చేసి ప్రభుత్వ ఆస్పత్రికి.

చెదలు: ఇక్కడ మాత్రం పిలవండి

చెదల దగ్గర సొంత వైద్యం పనిచేయదు. దర్వాజ చౌకట్టు మీద కనిపించే మట్టి దారిని గీకి, కిరసనాయిలు పూసి, పైన స్ప్రే కొడితే రెండు నెలలు కనబడవు. మనకు కనిపించేది వాటి దారి మాత్రమే, గూడు నేల లోపల ఉంటుంది, ఒక చోట ఆపితే ఇంకో చోట లేస్తాయి. తొలకరి వానలకు ఉసిళ్లు, అంటే రెక్కలొచ్చిన చెదలు, లేచినప్పుడు జాగ్రత్తగా చూడండి. బయటి నుంచి లైటుకు వచ్చి వాలితే కంగారు అక్కర్లేదు, పొలం పక్కన అది మామూలే. గోడ పగుల్లోంచో చౌకట్టు సందులోంచో బయటికి వస్తుంటే మాత్రం గూడు మీ ఇంటి కిందే ఉంది.

కొత్తగా కట్టేవాళ్లకు ఒక్క మాట. పునాదిలో, బేస్‌మెంట్ మట్టి నింపాక ఫ్లోరింగుకు ముందు మందు పోయించుకోండి. కట్టాక గుంతలు కొట్టి చేసేదానికంటే ఇది చవక, గట్టిది కూడా. దీనికి ఐఎస్ 6313 అని భారత ప్రమాణమే ఉంది, రెండో భాగం కట్టేటప్పుడు చేసేదానికి, మూడో భాగం కట్టిన ఇళ్లకు. కాంట్రాక్టరు "అవన్నీ ఎందుకు సార్" అంటాడు, వినొద్దు.

కట్టిన ఇంటికి చేసే పద్ధతి ఇది: నేల, గోడ కలిసే చోట 12 మిల్లీమీటర్ల కంతలు, అడుగుకు ఒకటి చొప్పున, అంటే 30 సెంటీమీటర్ల దూరంలో వేసి, ఒక్కో దాంట్లో లీటరు దాకా మందు నీళ్లు ఎక్కించి, పైన సిమెంటుతో మూస్తారు. ఈ లెక్క ఒక్కటి గుర్తుంచుకుంటే పని చేసేవాడెవడో మోసం చేసేవాడెవడో మీకే తెలిసిపోతుంది. 10 అడుగులు, 12 అడుగుల గది చుట్టుకొలత 44 అడుగులు. తలుపు స్థలం తీసేసినా 40 కంతలు పడాలి, నేల తాగే కొద్దీ 40 లీటర్ల దాకా నీళ్లు పట్టాలి. నాలుగు గదుల ఇంటికి పొలంలో కొట్టే ఒకే ఒక్క పంపు నీళ్లతో వచ్చి, గోడల మీద తుంపర కొట్టి, "అయిదేళ్ల గ్యారంటీ" అని కాగితం రాసిచ్చి పోయేవాళ్లు ఉన్నారు. మా వీధిలో ఒకరింట్లో అచ్చం అట్లాగే జరిగింది, ఏడాది తిరగకముందే పూజ గది తలుపు లోపల గుల్ల అయింది, ఫోన్ ఎత్తేవాడు లేడు.

మందుల్లో ఎక్కువగా వినిపించేవి రెండు (పేరు పక్కన అంకె మందు శాతం, అక్షరాలు ద్రవం రకం). క్లోర్‌పైరిఫాస్ 20 ఈసీ పాతది, చవక, వాసన గట్టిగా ఉంటుంది, లీటరు మందుకు 19 లీటర్ల నీళ్లు కలుపుతారు. ఇమిడాక్లోప్రిడ్ 30.5 ఎస్‌సీ ఖరీదు ఎక్కువ, కానీ వాసన ఉండదు, లీటరు నీళ్లకు 2.1 మిల్లీలీటర్లు చాలు. దీనికి ఇంకో గుణం ఉంది, మందు ఉన్నట్టు చెదలకు తెలియదు, అందులోంచే నడిచి పోతాయి, ఒంటికి అంటించుకుని మిగతావాటికీ అంటిస్తాయి. మనుషులు కాపురం ఉంటున్న ఇంటికి, చిన్నపిల్లలూ ఆయాసం ఉన్న పెద్దలూ ఉన్న ఇంటికి నా ఓటు రెండోదానికే. ఏది వాడినా బోరు, బావి, సంపు ఎక్కడున్నాయో ముందే చూపించండి, వాటి పక్కన పోయనివ్వొద్దు. క్లోర్‌పైరిఫాస్ చేపలకు తీవ్ర విషం, ఇంటి వెనక కాలువో కుంటో ఉంటే అది అసలే వద్దు.

షాబాద్, తాండూరు బండలు పరిచిన పాత ఇళ్లకు ఒక సౌకర్యం ఉంది, బండల సందుల్లోనే కంత వేయొచ్చు, బండ పగలదు. టైల్స్ ఇల్లయితే టైలు మధ్యలో కాకుండా అంచు గీతలో వేయమని ముందే మాట తీసుకోండి. నల్లరేగడి నేలలో కట్టిన ఇళ్లకు ఎండాకాలం నేల పగుళ్లిస్తుంది కాబట్టి ఇంటి చుట్టూ బయట మందు పోయించాక ఆ పగుళ్లు మట్టితో పూడుకుని ఉన్నాయో లేదో చూసుకోవాలి, లేకపోతే మందు పొర తెగి పోతుంది.

అడగాల్సినవి అడగండి. పెస్ట్ కంట్రోల్ వ్యాపారం చేసేవాళ్లకు 1968 పురుగుమందుల చట్టం కింద లైసెన్సు ఉండాలి. ఆ నంబరు బిల్లు మీద రాయమనండి. మందు పేరు, శాతం, ఎన్ని కంతలు, ఎన్నేళ్లలో మళ్లీ వస్తే ఉచితంగా ఎన్నిసార్లు చేస్తారు, అన్నీ కాగితం మీద ఉండాలి. సీల్ ఉన్న డబ్బా మీ ముందు తెరవాలి. హైదరాబాద్ నుంచి వచ్చే పెద్ద కంపెనీనా, నల్గొండలోనో మహబూబ్‌నగర్‌లోనో ఉండే చిన్న ఆపరేటరా అంటే, చెదల వరకు ఎవరైనా పర్లేదు, పై లెక్క ప్రకారం చేస్తే చాలు. గ్యారంటీ పిలుపుకు తిరిగి వచ్చే అవకాశం లోకల్ మనిషికే ఎక్కువ, రాకపోతే షాపుకు పోయి అడగగలం. పెద్ద కంపెనీ దగ్గర పని పద్ధతి బాగుంటుంది, కానీ మీ ఒక్క ఇంటికోసం వంద కిలోమీటర్లు మళ్లీ రమ్మంటే రేపు మాపు అంటారు. ఒక్క చౌకట్టుకే పట్టిందని ఆ చెక్క వరకే చేయించుకుంటామంటే చేస్తారు, కానీ నేల కింద అలాగే వదిలేస్తే ఆ ఖర్చు మళ్లీ పెట్టాల్సి వస్తుంది.

బొద్దింకలు, దోమలు, లైటు పురుగులు

వంటింట్లో లేత గోధుమరంగులో, మెడ వెనక రెండు నల్ల గీతలతో చిన్నగా కనిపించేవి జర్మన్ బొద్దింకలు. వీటికి స్ప్రే కంటే జెల్ ఎంతో మేలు. ఫిప్రోనిల్ లేదా ఇమిడాక్లోప్రిడ్ ఉన్న జెల్ తెచ్చి అగ్గిపుల్ల తల అంత చుక్కలు అల్మారా బందుల దగ్గర, ఫ్రిజ్ మోటారు వెనక, పొయ్యి గట్టు కింద, సింకు అడుగున పెట్టండి. తిన్నది గూటికి పోయి చస్తుంది, దాని రెట్టా శవమూ తిన్న మిగతావీ చస్తాయి. జెల్ పెట్టిన చోట స్ప్రే కొట్టొద్దు, ఫినాయిల్ తుడవొద్దు, ఆ వాసనకు అవి దగ్గరకే రావు. గుడ్ల సంచి ఒక్కోదాంట్లో 30 నుంచి 40 గుడ్లుంటాయి కాబట్టి రెండు మూడు వారాల తర్వాత ఇంకోసారి పెట్టాలి. ఇది ఇంటివాళ్లే చేసుకునే పని, కంపెనీ వాళ్లు వచ్చి చేసేదీ ఇదే. బాత్రూంలో కనిపించే పెద్ద ఎర్ర బొద్దింకలు వేరు, అవి మోరీలోంచి, సెప్టిక్ ట్యాంకులోంచి వస్తాయి. జాలీ మూతలు, చాంబర్ మూత పగుళ్లు బాగుచేయిస్తే సగానికి పైగా ఆగుతాయి.

దోమలకు కంపెనీని పిలవడం వృథా. ఇవాళ పొగ కొడితే ఎగిరేవి చస్తాయి, రేపు పొలం నుంచి, మోరీ నుంచి మళ్లీ వస్తాయి. కిటికీలకు జాలీ, తలుపుకు జాలీ తలుపు, మంచానికి దోమతెర, ఇదే శాశ్వత ఖర్చు. డెంగీ దోమ పగలు కుడుతుంది, మంచి నీళ్లలోనే పెరుగుతుంది. నల్లా రోజూ రాక డ్రమ్ముల్లో పట్టి పెట్టుకునే ఇళ్లలో అవే దాని పుట్టిల్లు. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు చాలు, అందుకే వారానికోసారి ఖాళీ చేసి ఆరబెట్టమని శుక్రవారం డ్రై డే అంటారు. నీళ్లు పారబోస్తే సరిపోదు, లోపలి అంచు పీచుతో రుద్దాలి, అంటుకుని ఉన్న గుడ్లు ఎండిపోయి కూడా నెలల తరబడి బతికే ఉంటాయి.

వరి పొట్ట మీద ఉన్నప్పుడు రాత్రి లైటు వేస్తే పచ్చ దోమలు, సుడి దోమలు అన్నం కంచంలో పడతాయి కదా, వాటికి మందు అవసరమే లేదు. బయట తెల్ల లైటు తీసి పసుపు రంగు ఎల్‌ఈడీ పెట్టండి, అది కూడా తలుపుకు ఎదురుగా కాకుండా గేటు దగ్గర. పంట పోతే అవీ పోతాయి.

నల్లులకు మాత్రం పెస్ట్ కంట్రోల్ వాళ్లను పిలవండి, రెండు వారాల లోపు రెండోసారి కూడా వస్తారా అని అడిగి మరీ పిలవండి, ఒక్కసారి కొట్టేది గుడ్ల మీద పనిచేయదు. తేళ్లకు స్ప్రేతో పెద్దగా ఒరిగేది లేదు, పాలమూరు వైపు రాతి గోడల సందులు పూడ్చడం, రాళ్ల కుప్ప ఇంటికి దూరంగా పెట్టడం, చెప్పులు దులిపి తొడుక్కోవడం, అంతే. బియ్యంలో ముక్కపురుగుకు బస్తా ఎండలో పోసి జల్లించి గాలి చొరని డబ్బాలో పెట్టడమే.

ఏడాది కాంట్రాక్టు తీసుకోవాలా?

హోటల్ నడిపేవాళ్లకు, హాస్టల్‌కు, వడ్లు నిల్వ చేసే షెడ్డు ఉన్నవాళ్లకు కాంట్రాక్టు అర్థవంతమే. మామూలు ఇంటికి నేను వద్దంటాను. మూడు నెలలకోసారి వచ్చి గదుల అంచుల వెంట స్ప్రే కొట్టి సంతకం పెట్టించుకుపోతారు, మీ ఎలుకలేమో కోతలప్పుడు వస్తాయి, దోమలేమో వానల్లో వస్తాయి, వాళ్ల తేదీలకు వీటికీ సంబంధం ఉండదు. ఇంట్లో బొద్దింక లేని నెలలో కూడా విషం కొట్టించుకోవడం దేనికి? తప్పదనుకుంటే తేదీలు మీరు చెప్పండి: అక్టోబరులో ఎలుకలకు, తొలకరికి ముందు చెదల తనిఖీ, మిగతావి పిలిచినప్పుడు. దీనికి ఒప్పుకునే లోకల్ ఆపరేటర్లు ఉంటారు. ఎవరు కొట్టినా గర్భిణులు, పసిపిల్లలు, ఆస్తమా ఉన్నవాళ్లు ఆ రోజు వేరే ఇంట్లో ఉండాలి, నీళ్ల బిందెలు, గిన్నెలు కప్పి పెట్టాలి, తర్వాత తలుపులు కిటికీలు అన్నీ తెరిచి ఆరిందాకా లోపలికి పోవద్దు.

అద్దె ఇంట్లో ఉన్నవాళ్లు ఎక్కువగా తగువు పడేది ఖర్చు ఎవరిదని. చెదలు, కంతలు, మోరీ జాలీలు ఇంటితో ఉండిపోయేవి, అది ఓనరు పెట్టాల్సిన ఖర్చు. జెల్, బోను, దోమతెర మీవి. దిగే ముందే చౌకట్లను వేలితో తట్టి చూడండి, డొల్ల శబ్దం వస్తే ఫోటో తీసి ఓనరుకు వాట్సాప్‌లో పంపి, అడ్వాన్సు ఇవ్వకముందే చేయించమని అడగండి.